ముందు గది ఊటీ, వెనక బంక్ రూమ్ రామగుండం: ట్రైలర్ ఏసీ డక్ట్ మీద సలహా కావాలి

ఫ్రిస్కో_శ్రీను:
అందరికీ నమస్కారం. మాది 28 అడుగుల బంక్‌హౌస్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లు, వెనక గదిలో ఒకదాని మీద ఒకటి పడకలు), సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. పైన 13,500 బీటీయూ (చల్లబరిచే శక్తి కొలత) ఏసీ ఒక్కటే, 30 ఆంప్స్ కనెక్షన్. ఏసీ కింద సోఫాలో కూర్చుంటే దుప్పటి కావాలి. వెనక పిల్లల బంక్ రూమ్‌లో మాత్రం మధ్యాహ్నం 3 గంటలకు 87 డిగ్రీలు (ఫారెన్‌హీట్). అక్కడి సీలింగ్ వెంట్ (డక్ట్ అనే గాలి గొట్టంలోంచి చల్లగాలి దిగే కన్నం) దగ్గర చెయ్యి పెడితే గాలి వస్తోందా లేదా అని డౌట్ వస్తుంది.

జూలైలో అమ్మా నాన్నా ఇండియా నుంచి వస్తున్నారు. ఇంక్స్ లేక్ స్టేట్ పార్క్‌కి తీసుకెళ్దామని ప్లాన్. నాన్న పై బంక్ ఎక్కలేరు, కింద బంక్‌లోనే పడుకోవాలి. అదే నా టెన్షన్. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే "ఏసీ బాగానే ఉంది, టెక్సాస్ ఎండలకు ఇంతే" అన్నారు. బిల్లు మాత్రం వేశారు. ఒక ఫ్రెండ్ 15,000 బీటీయూకి మార్చెయ్యమంటాడు. ఇంకొకడు గ్యాస్ తగ్గిందేమో నింపించమంటాడు. ఎవరి మాట వినాలి?

బేఏరియా_నాని:
బ్రో, 15,000 పెట్టేయ్, గొడవ వదిలిపోతుంది. బోల్టులు నాలుగే, పైన 14 బై 14 అంగుళాల కన్నం దాదాపు అన్ని ట్రైలర్లకీ ఒకటే సైజు. పాతది తీసి కొత్తది దింపడమే. 30 ఆంప్స్ మీద కూడా నడుస్తుంది.

గోదారి_బాబాయ్:
అబ్బాయ్ శ్రీనూ, ముందు ఫిల్టర్ తీసి చూశావా? మన ఇళ్లలో పోపు పెట్టకుండా పూట గడవదు కదా. ట్రైలర్‌లో పొయ్యికీ ఏసీ గాలి పీల్చే జాలీకీ మధ్య దూరం నాలుగడుగులు కూడా ఉండదు. ఆవాలు చిటపటమన్న ప్రతిసారీ ఆ నూనె ఆవిరంతా ఫిల్టర్ మీదికే. మా ఆవిడ ఒకసారి ఫిల్టర్ కడిగితే వచ్చిన నీళ్లు టీ డికాషన్ రంగులో ఉన్నాయి. అందుకే పోపు, వేపుళ్లు బయట టేబుల్ మీద పోర్టబుల్ స్టవ్‌తో కానిచ్చేస్తున్నాం. ఫిల్టర్ తీసినప్పుడు పైన కాయిల్ (గాలిని చల్లబరిచే భాగం) కూడా టార్చి వేసి చూడు. జిడ్డు పట్టి బూజు కట్టిందంటే గాలి సగానికి పడిపోతుంది.

ఫ్రిస్కో_శ్రీను:
బాబాయ్ గారూ, ఫిల్టర్ కడిగాను. కాయిల్ మీద దుమ్ము ఉంది కానీ మూసుకుపోయేంత లేదు. ముందు గదిలో గాలి బాగా కొడుతోంది కదా, వెనకే సమస్య.

కేటీ_వాసు:
శ్రీను గారూ, డబ్బులు పెట్టేముందు ఒక్క పని చేయండి. వంటింట్లో వాడే ప్రోబ్ థర్మామీటర్ ఒకటి తీసుకోండి. ఏసీని హై ఫ్యాన్ మీద 20 నిమిషాలు నడిపి నాలుగు చోట్ల టెంపరేచర్ చూడండి: గాలి పీల్చే జాలీ దగ్గర, సీలింగ్ బాక్స్‌లో నేరుగా కిందికి వదిలే క్విక్ కూల్ మూత దగ్గర, కిచెన్ పైనున్న వెంట్‌లో, చివరి బంక్ వెంట్‌లో. ఈ నాలుగు అంకెలు లేకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా అది గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

గ్యాస్ సంగతి మర్చిపోండి. ఇండియాలో స్ప్లిట్ ఏసీకి ఏటా గ్యాస్ నింపే అలవాటు మనకు ఎక్కువ. ఇక్కడి రూఫ్ ఏసీలు ఫ్రిజ్‌లా ఫ్యాక్టరీలోనే సీల్ అయి వస్తాయి. గ్యాస్ పట్టడానికి సర్వీస్ పోర్టే ఉండదు. లీక్ అయితే ముందు గదిలో కూడా చల్లగా ఉండదు.

బేఏరియా_నాని:
వాసు అన్నా, బయట 104 ఉంటే ఏ ఆర్‌వీ (ఇలాంటి బండి ఇల్లు) ఏసీ అయినా 20 డిగ్రీలే తగ్గిస్తుంది. అంటే 84. శ్రీను బ్రోకి 87 వస్తోంది. ఇందులో వింత ఏముంది?

కేటీ_వాసు:
ఈ 20 డిగ్రీల మాట ప్రతి క్యాంప్‌గ్రౌండ్‌లోనూ వినిపిస్తుంది నానీ, కానీ దాన్ని తప్పు చోట వాడుతున్నారు. ఆ తేడా బయటి గాలికీ లోపలి గాలికీ మధ్య కాదు. ఏసీ పీల్చే గాలికీ, వదిలే గాలికీ మధ్య. అది 16 నుంచి 22 డిగ్రీల దాకా ఉంటే మిషన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. హ్యూస్టన్‌లాంటి చోట గాలిలో తేమ ఎక్కువ, ఆ నీళ్లు తీయడానికే ఏసీ శక్తి కొంత ఖర్చవుతుంది కాబట్టి తేడా కాస్త తక్కువ కనిపిస్తుంది. అరిజోనాలో ఎక్కువ కనిపిస్తుంది.

లోపల 80 ఉన్న గాలిని పీల్చి 60కి దింపి వదులుతుంది. మళ్లీ 76 పీల్చి 56 వదులుతుంది. అలా దిగుతూ పోతుంది. ఎక్కడ ఆగుతుందంటే, గోడలు, కిటికీలు, పైకప్పు నుంచి గంటకు లోపలికి వచ్చే వేడీ, ఏసీ గంటకు తీసే వేడీ సమానమైన చోట. 13,500 బీటీయూ అంటే టన్ను కంటే కొంచెం ఎక్కువ (టన్ను 12,000). నీడలో ఉన్న ట్రైలర్‌లో బయట 104 ఉన్నా లోపల 76కి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. తీసిన చల్లదనం గదికి చేరాలి, అంతే. శ్రీను గారి చల్లదనం దారిలో ఎక్కడో పోతోందని నా అనుమానం.

చాండ్లర్_రాధిక:
వాసు గారితో ఏకీభవిస్తాను, ఒక్క విషయంలో తప్ప. నీడ దొరక్కపోతే డక్ట్ ఎంత బాగున్నా లాభం లేదు. మేం ఫీనిక్స్ దగ్గర ఉంటాం, జూన్‌లో 112 చూస్తాం. పడమటి ఎండ నేరుగా పడే కిటికీ ఒక్కటి చాలు గది ఉడికిపోవడానికి. శ్రీను గారూ, మీ బంక్ రూమ్ కిటికీ ఏ వైపు? అక్కడ పైకప్పులో గాలి బయటికి పోయే వెంట్ (ఏసీ వెంట్ కాదు), ఫ్యాన్ ఉన్నాయా? ఆ ప్లాస్టిక్ మూతలోంచి వచ్చే వేడి తక్కువేం కాదు. 14 అంగుళాల చదరపు స్పాంజి కుషన్లు దొరుకుతాయి, ఆ పైకప్పు వెంట్‌లో దూరిస్తే చెయ్యి పెట్టగానే తేడా తెలుస్తుంది.

వోల్టేజ్_రవి:
కరెంట్ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? వారాంతం మధ్యాహ్నం క్యాంప్‌గ్రౌండ్‌లో అందరూ ఏసీలు వేస్తే కరెంటు పోస్టు దగ్గర వోల్టేజ్ 120 నుంచి 108కి కూడా పడిపోతుంది. కంప్రెసర్ మూలుగుతుంది, బ్లోయర్ కూడా నెమ్మదిస్తుంది. ఈఎంఎస్ (వోల్టేజ్ తేడా వస్తే కరెంట్ కట్ చేసే రక్షణ పెట్టె) పెట్టుకున్నవాళ్లకు 104 దగ్గర కట్ అయి కూర్చుంటుంది. కొలిచేటప్పుడు వోల్టేజ్ కూడా రాసుకో తమ్ముడూ.

ఫ్రిస్కో_శ్రీను:
ఈ రోజు డ్రైవ్‌వేలో పెట్టి కొలిచాను. బయట 98. వోల్టేజ్ లోడ్ మీద 116.

జాలీ దగ్గర 82
క్విక్ కూల్ దగ్గర 61
కిచెన్ వెంట్ 67
బంక్ వెంట్ 74

ఇంకో వింత. జాలీ దగ్గర 82 వచ్చింది కదా. ఫిల్టర్ తీసేసి ప్రోబ్‌ని లోపలికి, కాయిల్ ముందు దాకా పెడితే 75 చూపిస్తోంది. గది 82లో ఉంటే కాయిల్ ముందు 75 ఏంటి?

రాధిక గారూ, బంక్ కిటికీ కుడివైపు. మా డ్రైవ్‌వేలో అది పడమర. పైన వెంట్ ఉంది, ఫ్యాన్ లేదు.

కేటీ_వాసు:
ఆ 75 దగ్గరే దొంగ దొరికాడు!

శ్రీను గారూ, మిషన్ చల్లగాలి ఇస్తూనే ఉంది. జాలీ దగ్గర గది గాలి 82, అది వదిలేది 61. కానీ కాయిల్ ముందు 75 ఉందంటే, వదిలిన చల్లగాలి కొంత గదిలోకి రాకుండా సీలింగ్ బాక్స్‌లోనే అడ్డదారి పట్టి మళ్లీ పీల్చే వైపుకి పోతోంది. నిర్మాణం చూస్తే అర్థమవుతుంది. పైకప్పులో 14 బై 14 కన్నం ఒక్కటే. అందులోనే ఒక పక్క పీల్చే దారి, ఇంకో పక్క వదిలే దారి. మధ్యలో రేకు అడ్డుగోడ. కప్పు మందం ఒక్కో ట్రైలర్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ రేకుని పైకీ కిందికీ జరిపేలా రెండు ముక్కలుగా ఇస్తారు. ఫ్యాక్టరీలో హడావిడిగా బిగించి, ఒక టేపు ముక్క అతికించి వదిలేస్తారు. ఎండకు ఆ జిగురు వదిలేస్తుంది. అడ్డుగోడ పక్కన వేలు దూరే సందు చాలు. బ్లోయర్ ఒక పక్క నెడుతోంది, ఇంకో పక్క లాగుతోంది. గాలి మీ బంక్ రూమ్ దాకా వెళ్తుందా, అర అంగుళం సందులోంచి పక్కకు దూరుతుందా?

దీనివల్ల ఇంకో రెండు నష్టాలు. థర్మోస్టాట్ సీలింగ్ బాక్స్‌లోనే ఉంటే, దానికి తగిలేది ఈ చల్లగాలే కాబట్టి గది చల్లబడిందనుకుని కంప్రెసర్‌ని ముందే ఆపేస్తుంది. రాత్రిపూట కాయిల్‌కి మరీ చల్లటి గాలి అందితే మంచు గడ్డ కడుతుంది, అప్పుడు అసలు గాలే రాదు.

ఇక 61 ఉన్న గాలి బంక్ దాకా వెళ్లేసరికి 74 అయిందంటే డక్ట్‌లో కూడా లీకులున్నాయి. అది రెండో పని. ముందు బాక్స్ విప్పండి.

గోదారి_బాబాయ్:
అగరుబత్తి వెలిగించి వెంట్ల దగ్గర, బాక్స్ అంచుల దగ్గర తిప్పి చూడు అబ్బాయ్. పొగ ఎటు పోతే లీకు అటే. మా పక్క సైట్ ఆయన పెద్ద మిషన్ తెచ్చి చూపించాడు, మా ఆవిడ సైకిల్ అగరుబత్తితో అదే చోటు చూపించింది.

చాండ్లర్_రాధిక:
బాబాయ్ గారూ, స్మోక్ అలారం సంగతి కూడా చెప్పండి మరి! మేం చేసినప్పుడు క్యాంప్‌గ్రౌండ్ మొత్తం వినిపించింది. కిటికీలు తీసి, ఒక్క కడ్డీతోనే చేయండి. గ్యాస్ స్టవ్, హీటర్ ఆపేసి చేయండి.

వోల్టేజ్_రవి:
బాక్స్ విప్పేముందు ఏసీ బ్రేకర్ ఆఫ్ చేయడం ఒక్కటే కాదు, కరెంటు పోస్టు నుంచి కేబుల్ పీకేయాలి. ఆ సీలింగ్ బాక్స్ పక్కనే 120 వోల్టుల జంక్షన్ ఉంటుంది. చేతికి గ్లౌజులు వేసుకో, రేకు అంచులు బ్లేడులా ఉంటాయి. ఇంకో ముఖ్యమైన మాట. కాయిల్ రెక్కల్లో సన్నటి సెన్సార్ ఒకటి గుచ్చి ఉంటుంది, మంచు కట్టకుండా కాపాడేది అదే. దాన్ని కదపొద్దు, టేపుతో కప్పొద్దు.

ఫ్రిస్కో_శ్రీను:
విప్పాను. నాలుగు స్క్రూలు తీయగానే మూత చేతిలోకి వచ్చేసింది. లోపల చూశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అడ్డుగోడకి వేసిన వెండి టేపు ఒక చివర మాత్రమే అంటుకుని వేలాడుతోంది. జిగురు ఉండాల్సిన చోట రంపపు పొట్టు మందంగా పేరుకుంది. టేపు అసలు రేకుకి అంటుకోలేదు, పొట్టుకి అంటుకుంది! అడ్డుగోడ పైభాగంలో ఒక పక్క నా చిటికెన వేలు దూరింది.

వెనక్కి వెళ్లే డక్ట్ నోట్లోకి ఫోన్ పెట్టి ఫ్లాష్‌తో ఫొటో తీశాను. థర్మోకోల్‌లో చెక్కిన సొరంగంలా ఉంది, లోపల రేకు పూత ఉన్న పలచని షీట్. డక్ట్ నోటి పైఅంచుకీ పైకప్పు చెక్కకీ మధ్య అంగుళం సందు. అందులోంచి చూస్తే పైకప్పు చట్రం, పసుపు రంగు ఫైబర్‌గ్లాస్ కనిపిస్తున్నాయి. అంటే గాలి అటు కూడా పోతోంది కదా? డక్ట్ లోపల ఒక స్క్రూ, థర్మోకోల్ పూసలు, ఎవరిదో పాలిథిన్ కవర్ ముక్క కూడా దొరికాయి. కవర్ ముక్కని కిచెన్ వెంట్ కన్నంలోంచి లాగాను.

కేటీ_వాసు:
అదే. ఆ అంగుళం సందులోంచి పోయే గాలి మీ పైకప్పుని చల్లబరుస్తోంది. ఖర్చు మీది, సుఖం ఫైబర్‌గ్లాస్‌ది. తేమ ఎక్కువున్న చోట ఇంకో ప్రమాదం. చల్లబడిన చట్రం మీద నీటి బొట్లు పడతాయి. వెంట్ల చుట్టూ గోధుమ రంగు మచ్చలు వస్తే పైకప్పు కారుతోందని కంగారుపడి సీలెంట్ మీద సీలెంట్ రాస్తారు. చాలాసార్లు అది వాన నీరు కాదు.

ఇప్పుడు పని చెప్తాను. ముందు బ్రష్‌తో పొట్టు దులిపి, వాక్యూమ్ పెట్టండి. అంటించే ప్రతి చోటా రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. టేపు అంటుకోవడం, ఊడిపోవడం అంతా ఇక్కడే తేలిపోతుంది. టేపు అల్యూమినియం ఫాయిల్‌ది కావాలి, కాగితం ఒలిచి అంటించే రకం. దాని మీద యూఎల్ 181 అని ముద్ర ఉంటుంది.

డక్ట్ టేప్ అని పేరున్న బూడిద రంగు గుడ్డ టేపు మాత్రం డక్ట్‌కి వద్దు. ఇది నా అభిప్రాయం కాదు. 1998లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ లేబొరేటరీ వాళ్లు డక్ట్ అతుకులకు వాడే రకరకాల టేపులు, సీలెంట్లు వేడికీ చలికీ గురిచేసి పరీక్షించారు. ఘోరంగా ఊడిపోయింది గుడ్డ డక్ట్ టేపే.

అడ్డుగోడ సందులు రెండు వైపుల నుంచీ మూయండి. సందు పెద్దదైతే టేపు ఒక్కటే గాలి ఒత్తిడికి ఉబ్బుతుంది. రేకు పూత ఉన్న గట్టి ఫోమ్ బోర్డు ముక్క కోసి, బిగుతుగా దూర్చి, దాని మీద టేపు వేయండి. డక్ట్ నోరు చుట్టూ కూడా అంతే. లోపలికి మూడు నాలుగు అంగుళాల దాకా టేపు వెళ్లాలి. వేసిన ప్రతి పట్టీనీ పాత క్రెడిట్ కార్డుతో రుద్దండి.

ఓపిక ఉంటే ఇంకోటి. బ్లోయర్ గాలి కిందికి దూకి, బాక్స్ అడుగున కొట్టుకుని, అప్పుడు 90 డిగ్రీలు తిరిగి డక్ట్‌లోకి వెళ్లాలి. అక్కడ అదే ఫోమ్ బోర్డు వాలుగా పెడితే గాలి సాఫీగా మళ్లుతుంది.

బేఏరియా_నాని:
దీనికి రెడీమేడ్ ఫోమ్ ఇన్‌సర్ట్‌లు అమ్ముతున్నారు కదా, ఏసీ మోడల్ చెప్తే దానికి సరిపోయేది పంపిస్తారు. యూట్యూబ్‌లో అందరూ అదే పెడుతున్నారు.

కేటీ_వాసు:
ఉన్నాయి నానీ, మంచివే. పని తెలియనివాళ్లకు తేలిక. కానీ అవి బాక్స్ వరకే. శ్రీను గారి డక్ట్ మధ్యలో లీకులుంటే వాటిని అవేం చేస్తాయి? ముందు ఫోమ్ బోర్డు, టేపు ఖర్చుతో చూడమంటాను.

చాండ్లర్_రాధిక:
వెంట్ల చుట్టూ కూడా మర్చిపోకండి. సీలింగ్ ప్యానెల్‌లో కన్నం, దాని పైన డక్ట్‌లో కన్నం. రెండూ వేరు వేరు, మధ్యలో ఖాళీ. గుండ్రటి వెంట్ తిప్పి తీస్తే కనిపిస్తుంది. మాకు ఒక వెంట్ దగ్గర డక్ట్ కన్నం సగమే కోసి వదిలేశారు, మిగతా సగం థర్మోకోల్ అలాగే ఉంది. కటర్‌తో కోసేసరికి గాలి రెట్టింపయింది. ఆ కన్నం చుట్టూ టేపు చిన్న ముక్కలుగా కోసి, డక్ట్ లోపలి నుంచి సీలింగ్ అంచు దాకా మడిచి అంటించాలి. చెయ్యి నొప్పి పుడుతుంది, మెడ పట్టేస్తుంది. మా వారు పాటలు పెట్టుకుని చేశారు.

చివరి వెంట్ దాటాక డక్ట్ ఇంకా ముందుకి ఉంటే అక్కడ ఫోమ్ ముక్క పెట్టి మూసేయండి. ఆ ఖాళీలోకి గాలి వృథాగా పోతుంది.

కేటీ_వాసు:
ఇక్కడ రాధిక గారితో కొంచెం వాదన. చివర నిజంగా మూసి ఉంటే, వెంట్ దాటాక డక్ట్ మూడడుగులు ఉన్నా గాలి పోయేదేం లేదు. అక్కడ ఒత్తిడి నిండి నిలబడిపోతుంది. చివర తెరిచి ఉంటేనే నష్టం. చాలా ట్రైలర్లలో తెరిచే ఉంటుంది, అది వేరే సంగతి. కాబట్టి వెంట్‌లోంచి ఫోన్ పెట్టి ఫొటో తీసి చూసుకోండి.

చాండ్లర్_రాధిక:
ఎలాగూ చెయ్యి లోపలే ఉంది కదా, ఒక ఫోమ్ ముక్క పెడితే పోయేదేముంది వాసు గారూ! ఫొటో తీసి చూసేలోపు ముక్క పెట్టెయ్యొచ్చు.

హైదరాబాద్_క్యారవాన్:
నమస్తే. మేం హైదరాబాద్‌లో టెంపో ట్రావెలర్ మీద క్యారవాన్ కట్టించుకుంటున్నాం. వర్క్‌షాప్ వాళ్లు ఇంట్లో వాడే 1 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ పెడతామంటున్నారు. మీలా రూఫ్ ఏసీ, డక్ట్ అవసరమా?

వోల్టేజ్_రవి:
మీ బండి పొడవుకి డక్ట్ అక్కర్లేదు సర్. స్ప్లిట్ ఇండోర్ యూనిట్ ఒక చివర పెడితే గాలి నేరుగా ఇంకో చివరకు కొడుతుంది. మధ్యలో పార్టిషన్ కట్టించుకోకండి, కట్టినా పైన కిందా ఖాళీ వదలమనండి. ఇన్వర్టర్ రకం మెల్లగా స్టార్ట్ అవుతుంది కాబట్టి బ్యాటరీ మీద నడపడానికి కూడా మేలు. ఇక్కడి రూఫ్ ఏసీలు ఎక్కువగా 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌వి. అక్కడి 230కి, 50 హెర్ట్జ్‌కి సరిపోవు. చుట్టాలతో తెప్పించుకోకండి. అవుట్‌డోర్ యూనిట్ బిగింపు, రాగి పైపుల అతుకులు మాత్రం మన గతుకుల రోడ్లకు తగ్గట్టు చేయించుకోండి.

ఫ్రిస్కో_శ్రీను:
పని అయింది. సీలింగ్ బాక్స్, రెండు డక్ట్ నోళ్లు, అన్ని వెంట్ల చుట్టూ టేపు. చివరి వెంట్ దాటాక డక్ట్ నిజంగానే తెరిచి ఉంది, వెనక గోడలోకి పోతోంది. రాధిక గారి ఫోమ్ ముక్క పెట్టేశాను. వాలు పలకలు కూడా పెట్టాను.

పైన ఏసీ బోల్టులు వదులయ్యాయేమోనని కూడా చూశాను. ఏసీకీ కప్పుకీ మధ్య స్పాంజి గ్యాస్కెట్ ఒక మూల సరిగ్గా అదమలేదు. మాన్యువల్‌లో అంగుళం మందం స్పాంజి సుమారు అర అంగుళానికి దిగేదాకా సమంగా బిగించమని ఉంది. అంతకంటే ఎక్కువ బిగించలేదు.

ఈ రోజు బయట 99, వోల్టేజ్ 117.

జాలీ దగ్గర 81
కాయిల్ ముందు 80
క్విక్ కూల్ దగ్గర 60
కిచెన్ వెంట్ 62
బంక్ వెంట్ 66

బంక్ వెంట్ కింద కాగితం పట్టుకుంటే ఎగురుతోంది. ఇంతకుముందు కదిలేది కాదు. మధ్యాహ్నం 3 గంటలకు బంక్ రూమ్ 80. రాత్రి 9కి 73. మా చిన్నోడు దుప్పటి అడిగాడు!

గోదారి_బాబాయ్:
శభాష్ అబ్బాయ్! ఇంక్స్ లేక్‌లో మీ నాన్నగారికి హాయిగా నిద్ర పడుతుంది. ఆ సర్వీస్ వాళ్లకి ఈ అంకెలు చూపించు.

చాండ్లర్_రాధిక:
చాలా సంతోషం శ్రీను గారూ. ఆ మధ్యాహ్నపు 80 మాత్రం ఎండ పని. బంక్ కిటికీకి రేకు పూత ఉన్న బబుల్ షీట్ కొలిచి కోసి పెట్టండి, పైకప్పు వెంట్‌లో కుషన్ పెట్టండి. సైట్ బుక్ చేసేటప్పుడు మ్యాప్ చూసి, బంక్ కిటికీ తూర్పుకో ఉత్తరానికో వచ్చేది ఎంచుకోండి. చెట్టు ఉంటే మరీ మంచిది. ట్రైలర్‌కి కరెంటు, నీళ్ల కనెక్షన్లు సాధారణంగా ఎడమవైపే ఉంటాయి కాబట్టి సైట్ ఎటు తిరిగి ఉందో చూస్తే మీ కుడివైపు కిటికీ ఎటు వస్తుందో ముందే తెలిసిపోతుంది.

ఫ్రిస్కో_శ్రీను:
తప్పకుండా రాధిక గారూ. ఇంకో ప్రశ్న. నాన్న నిద్రకి బంక్ రూమ్ తలుపు వేసుకుంటారు. తలుపు వేస్తే వెంట్‌లో గాలి మళ్లీ తగ్గిపోతోంది. ముందు గదిలో కొన్ని వెంట్లు మూసేస్తే వెనక్కి ఎక్కువ వస్తుందా?

కేటీ_వాసు:
తలుపు వేసిన గదిలోకి గాలి రావాలంటే, అంతే గాలి బయటికి పోవాలి. ఇలాంటి ట్రైలర్లలో సాధారణంగా గాలిని ఏసీకి వెనక్కి తెచ్చే డక్ట్ ఉండదు, సీలింగ్ బాక్స్ జాలీ ఒక్కటే. తలుపు కింద పావు అంగుళం సందే ఉంటే గది ఉబ్బినట్టై గాలి ఆగిపోతుంది. తలుపు కింది భాగంలో ఒక జాలీ పెట్టించండి, హార్డ్‌వేర్ షాపుల్లో రెండు వైపులా బిగించే రకం దొరుకుతుంది. ఈలోగా తలుపు రెండు అంగుళాలు తెరిచి, చప్పుడు కాకుండా కొక్కెం పెట్టుకోమనండి.

క్విక్ కూల్ మూత మాత్రం రాత్రి మూసేయండి, ఆ గాలంతా డక్ట్‌లోకి మళ్లుతుంది. ముందు గదిలో ఒకటో రెండో వెంట్లు సగం మూయొచ్చు. అన్నీ మూయకండి. ఇళ్లలో టన్నుకి నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి లెక్క వేస్తారు, రూఫ్ ఏసీలు అంతకంటే తక్కువ గాలితో నడుస్తాయి. దాన్ని ఇంకా తగ్గిస్తే కాయిల్ మీద మంచు పడుతుంది. వెంట్లు మూశాక క్విక్ కూల్ దగ్గర ఈల శబ్దం వస్తే ఒక వెంట్ తెరవండి.

ఫ్యాన్ ఆటోలోనే ఉంచండి. కంప్రెసర్ ఆగినా ఫ్యాన్ తిరుగుతూ ఉంటే కాయిల్ మీది తడి మళ్లీ గదిలోకే వస్తుంది. ఒళ్లు జిడ్డుగా ఉంటుంది, నాన్నగారు ఏసీ పని చేయట్లేదంటారు.

అట్లాంటా_సుధ:
మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. మాది రెండు ఏసీలున్న ఫిఫ్త్ వీల్ (పికప్ ట్రక్కు తొట్టిలో తగిలించి లాగే పెద్ద ట్రైలర్). రెండూ ఒకే డక్ట్‌కి కలిపి ఉన్నాయి. 30 ఆంప్స్ సైట్‌లో ఒక్కటే వేస్తాం. అప్పుడు రెండో ఏసీ జాలీలోంచి చల్లగాలి వస్తోంది! అది ఆఫ్‌లో ఉంది, నేనే చూశాను. మా వారు నమ్మట్లేదు.

కేటీ_వాసు:
సుధ గారూ, మీరు చూసింది నిజమే. రెండు బాక్సులూ ఒకే డక్ట్ మీద ఉంటే, నడుస్తున్న ఏసీ గాలి డక్ట్‌లోంచి ఆగి ఉన్న ఏసీ బాక్స్‌లోకి వెళ్లి, దాని బ్లోయర్, కాయిల్ దాటి, జాలీలోంచి కిందికి దిగిపోతుంది. కొంత పైకప్పు మీదున్న మిషన్ పెట్టెని కూడా చల్లబరుస్తుంది. ఒక్కటే నడిపే రోజుల్లో ఆగిన ఏసీ బాక్స్ మూత తీసి, దాని డక్ట్ నోళ్లకి ఫోమ్ బోర్డు ముక్కలు అడ్డం పెట్టండి. తీసేందుకు వీలుగా టేపుతో చిన్న పట్టీ అంటించండి. 50 ఆంప్స్ సైట్‌కి వెళ్లినప్పుడు అవి తీయకుండా రెండో ఏసీ వేయొద్దు. థర్మోస్టాట్ మీద ఒక కాగితం అంటించి పెట్టుకోండి, మీ వారికి కూడా కనిపించేలా.